విద్యార్థి లైసెన్సుతో విండోస్: సరైన ఇన్‌స్టాలర్ తెచ్చుకోవడంపై విశాఖ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బ్యాచ్ చేరి నెల తిరక్కుండానే మా ల్యాబ్ గుమ్మం దగ్గర ల్యాప్‌టాప్‌లు పట్టుకుని పిల్లలు నిలబడతారు. అందరిదీ దాదాపు ఒకే మాట: "కీ ఉంది సార్, కానీ తీసుకోవట్లేదు." చాలాసార్లు కీలో (విండోస్‌ని యాక్టివేట్ చేసే 25 అక్షరాల కోడ్‌లో) ఏ లోపమూ ఉండదు. కీ ఒక ఎడిషన్‌ది (అంటే హోం, ప్రో, ఎడ్యుకేషన్ లాంటి విండోస్ రకానిది), హాస్టల్లో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇంకో ఎడిషన్. ఈ రెండూ ఒకదానికొకటి పొసగని రకాలైతే తెల్లవార్లూ కూర్చున్నా యాక్టివేట్ కాదు. మధురవాడ నుంచి గాజువాక దాకా ఏ కాలేజీ పిల్లలకైనా పనికొస్తుందని, పదేపదే వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

నాకు విద్యార్థి లైసెన్సు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు మీ కాలేజీకి ఏ ఒప్పందం ఉందో కనుక్కోవాలి. మామూలుగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటిది మైక్రోసాఫ్ట్ బోధన కోసం ఇచ్చే డెవలపర్ టూల్స్ సబ్‌స్క్రిప్షన్. 2008లో డ్రీమ్‌స్పార్క్ అని మొదలైంది, తర్వాత ఇమాజిన్ అయింది, ఆ తర్వాత అజూర్ డెవ్ టూల్స్ ఫర్ టీచింగ్ అన్నారు. మీ సీనియర్లు ఇంకా డ్రీమ్‌స్పార్క్ అనే అంటుంటే కంగారుపడకండి, దీని గురించే. ఇందులో విద్యార్థి కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయి తన పేరు మీద ఒక కీ తీసుకుంటాడు. ఇది ప్రధానంగా ఇంజనీరింగ్, సైన్సు విభాగాలకు ఉద్దేశించినది. అందుకే కంప్యూటర్ సైన్సు వాళ్లకి వచ్చి, అదే కాలేజీలో బీకాం వాళ్లకి రాకపోవచ్చు.

రెండోది వాల్యూమ్ లైసెన్సు. కాలేజీ మొత్తానికి కలిపి కొంటారు. ఎక్కువగా ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లకే వాడతారు. విద్యార్థుల సొంత ల్యాప్‌టాప్‌లకు వర్తిస్తుందా లేదా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

ఈ సంగతి క్లాస్ టీచర్ కంటే కంప్యూటర్ సెంటర్లో సిస్టమ్ అడ్మిన్‌కి బాగా తెలుస్తుంది, నేరుగా ఆయన్నే అడగండి. ఇంకో మాట: రుషికొండలో చదివే మీ స్నేహితుడికి కీ వచ్చిందంటే దువ్వాడలో చదివే మీకూ వస్తుందని కాదు. ఒప్పందం సంస్థకీ సంస్థకీ వేరు.

కాలేజీ మెయిల్‌తో వర్డ్, ఎక్సెల్, టీమ్స్ వస్తున్నాయి. విండోస్ కూడా వచ్చినట్టేనా?

కాదు. విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే మామూలు ఆఫీస్ ఖాతాలో విండోస్ ఉండదు. కాలేజీ పెద్ద ప్యాకేజీ కొనుంటే విండోస్ హక్కు కూడా రావచ్చు, అది అడిగి తెలుసుకోవాల్సిందే.

మా ల్యాప్‌టాప్‌లో విండోస్ హోం ముందే ఉంది. ఎడ్యుకేషన్ కీ వచ్చింది. ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చెయ్యాలా?

అక్కర్లేదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది ఉన్నదంతా ఫార్మాట్ చేసుకుని, ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకుని వస్తుంటారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి యాక్టివేషన్‌లోకి వెళ్లండి. చేంజ్ ప్రోడక్ట్ కీ అన్న చోట మీ 25 అక్షరాల కీ కొట్టండి. నెట్ ఆన్‌లో ఉండాలి. కాసేపు పనిచేసి, ఒకసారి రీస్టార్ట్ అయి, హోం కాస్తా ఎడ్యుకేషన్ అవుతుంది. ఫొటోలు, ప్రోగ్రాములు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒకే జాగ్రత్త: కీ విండోస్ 11దైతే ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ విండోస్ 11 అయ్యుండడం మేలు. ముందు అప్‌డేట్ చేసుకుని, తర్వాత కీ మార్చండి.

అయితే మార్చే ముందు నిజంగా అవసరమా అని ఒక్కసారి ఆలోచించండి. పైథాన్, జావా, సీ నేర్చుకోడానికి హోం చాలు. లినక్స్ కమాండ్లు వాడుకునే సదుపాయం, డాకర్ కూడా హోంలో నడుస్తాయి. హైపర్-వీతో వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) పెట్టుకోవాలన్నా, చాలా కంప్యూటర్ల సెట్టింగులు ఒకచోట నుంచి నడిపే గ్రూప్ పాలసీ నేర్చుకోవాలన్నా, అనుమానం ఉన్న ప్రోగ్రాములు విడిగా నడిపి చూసే విండోస్ శాండ్‌బాక్స్ కావాలన్నా, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్‌ని పూర్తిగా మన చేతుల్లో ఉంచుకోవాలన్నా అప్పుడు ఎడ్యుకేషన్ ఉపయోగం. నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ సబ్జెక్టులు తీసుకున్నవాళ్లు తప్పకుండా తీసుకోండి. మిగతావాళ్లకు తొందరేం లేదు.

ఎడ్యుకేషన్ నుంచి మళ్లీ హోంకి రావాలంటే మాత్రం ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకోవాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన హోం కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు మీదే రాసి ఉండే ప్రోగ్రాంలో) ఉంటుంది కాబట్టి హోం దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఖాళీ ల్యాప్‌టాప్ కొన్నాను. ఇన్‌స్టాలర్ ఎక్కడ తీసుకోవాలి?

మీకు కీ కనిపించిన పేజీలోనే చాలావరకు డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. అక్కడ భాష, ఎడిషన్, 64-బిట్టా కాదా అన్నవి చూసి తీసుకోండి. అక్కడ లేకపోతే మైక్రోసాఫ్ట్ సొంత డౌన్‌లోడ్ పేజీలో అందరికీ ఉచితంగా పెట్టిన ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్లో) ఉంది. దాన్ని మల్టీ ఎడిషన్ అంటారు. హోం, ప్రో, ఎడ్యుకేషన్ అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే ఉంటాయి, మీరిచ్చే కీని బట్టి అందులోంచి ఆ ఎడిషన్ బయటికొస్తుంది. ఎంటర్‌ప్రైజ్ మాత్రం అందులో ఉండదు.

ఇన్‌స్టాలర్ ఎవరికైనా ఉచితమే, డబ్బూ హక్కూ కీకి సంబంధించినవి. అలాంటప్పుడు ఊరూపేరూ లేని సైట్‌లో, టెలిగ్రామ్ గ్రూపులో, టోరెంట్‌లో ఎవరో మార్చి పెట్టిన ఫైలు తీసుకోవాల్సిన అవసరమే లేదు.

కాలేజీ వాల్యూమ్ లైసెన్సు మీద వేసుకుంటున్నట్టయితే ఇంకొకటి గమనించాలి. అది అప్‌గ్రేడ్ లైసెన్సు. అంటే మెషీన్‌కి ముందే అర్హమైన విండోస్ లైసెన్సు ఒకటి ఉండాలి. డాస్‌తో వచ్చిందనో, ఏ ఓఎస్ లేకుండా వచ్చిందనో తక్కువ ధరకి కొన్న ల్యాప్‌టాప్‌కి అది సరిపోకపోవచ్చు. కొనే ముందే అడ్మిన్‌ని అడగండి.

జాబితాలో ఎడ్యుకేషన్, ప్రో ఎడ్యుకేషన్, ఎన్, ఎంటర్‌ప్రైజ్, ఎల్‌టీఎస్‌సీ అని ఇన్ని ఉన్నాయి. ఏది నాది?

గందరగోళమంతా ఇక్కడే. మెల్లగా చదవండి.

ఎడ్యుకేషన్ అంటే సదుపాయాల్లో ఎంటర్‌ప్రైజ్‌తో దాదాపు సమానం, కాలేజీలకు ఇచ్చేది. ప్రో ఎడ్యుకేషన్ అంటే ప్రోకి దగ్గరది. పేర్లు ఒకలాగే ఉన్నా కీలు వేరు. మీ కీ పక్కన ఉత్పత్తి పేరు ఏమని రాసుందో అక్షరం పొల్లు పోకుండా చూడండి. మన పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఎడ్యుకేషన్.

పేరు చివర ఎన్ అని ఒక్క అక్షరం కనిపిస్తే అది యూరప్ మార్కెట్ కోసం చేసినది. 2004లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన తీర్పు వల్ల మీడియా ప్లేయర్, దానికి సంబంధించిన భాగాలు తీసేసి అమ్మాల్సి వచ్చింది. పొరపాటున అది వేసుకుంటే వీడియోలు, కెమెరా, కొన్ని యాప్‌లు మొరాయిస్తాయి. మీడియా ఫీచర్ ప్యాక్ వేరుగా వేసుకుంటే సర్దుకుంటుంది గానీ, ఆ తలనొప్పి మనకెందుకు? ఎన్ లేనిదే తీసుకోండి. ఎన్ ఇన్‌స్టాలర్‌కి మామూలు కీ పట్టదు, మామూలు దానికి ఎన్ కీ పట్టదు.

ఎల్‌టీఎస్‌సీ అంటే ఆసుపత్రి యంత్రాలు, ఏటీఎంల లాంటి మారకూడని పరికరాల కోసం. స్టోర్ ఉండదు, కొత్త సదుపాయాలు రావు. "తేలిగ్గా ఉంటుంది, గేములు బాగా ఆడతాయి" అని హాస్టళ్లలో పంచుతుంటారు. మీ కీ దానిది కాదు, దాని జోలికి పోవద్దు.

హోం సింగిల్ లాంగ్వేజ్ అన్నది మన దగ్గర అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి ఇచ్చేది. అది విద్యార్థి లైసెన్సు కాదు, ల్యాప్‌టాప్ ధరలో కలిసి వచ్చిందే.

ఎడ్యుకేషన్ వేద్దామని కూర్చుంటే కీ అడగకుండానే హోం ఎక్కిపోయింది. ఎందుకు?

పైన చెప్పిన ఫర్మ్‌వేర్ కీ వల్ల. ఇన్‌స్టాలర్ దాన్ని చదివి "ఇది హోం మెషీన్" అనుకుని అడగకుండానే ముందుకెళ్తుంది. ఏమీ పాడవలేదు. హోం పూర్తిగా ఎక్కనిచ్చి, నెట్ కలిపి, యాక్టివేషన్ పేజీలో ఎడ్యుకేషన్ కీ ఇవ్వండి, సరిపోతుంది.

ఖాళీ ల్యాప్‌టాప్ అయితే కీ అడుగుతుంది. "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కినా ఫరవాలేదు, ఎడిషన్ల జాబితా వస్తుంది. అందులో ఎడ్యుకేషన్ ఎంచుకుని, కీ తర్వాత ఇవ్వొచ్చు. 

32-బిట్, 64-బిట్, ఆర్మ్: ఏది?

64-బిట్. విండోస్ 11లో 32-బిట్ అసలు లేదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఆర్మ్64 ఫైలు వేరుగా ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ ఫైలు వాటిలో బూటే అవ్వదు, అంటే కంప్యూటర్ దాంతో మొదలే కాదు. అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లో ఎబౌట్ పేజీ తెరిస్తే సిస్టమ్ టైప్ దగ్గర రాసుంటుంది.

అన్నయ్య వాడిన పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు. విండోస్ 10 వెయ్యాలా, 11 వెయ్యాలా?

విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్‌కి వీలున్న యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం), మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ కావాలి. స్థూలంగా ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి అనుకోవచ్చు. నా అనుభవంలో 4 జీబీతో 11 నడుస్తుంది గానీ ఈడుస్తుంది. వీలైతే 8 జీబీ చేయించండి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నిరాశపడకండి, బయోస్‌లో (విండోస్ రాకముందే తెరిచే మెషీన్ సెట్టింగుల తెరలో) ఆఫ్ చేసి ఉండొచ్చు. ఇంటెల్ మెషీన్లలో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సొంత కంప్యూటర్లు వాడేవాళ్ల కోసం 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించే పథకం పెట్టారు. అయితే అది 22హెచ్2 వెర్షన్‌లో హోం, ప్రో, ప్రో ఎడ్యుకేషన్, వర్క్‌స్టేషన్ ఎడిషన్లకే. విండోస్ 10 ఎడ్యుకేషన్ ఆ జాబితాలో లేదు. కాబట్టి పాత మెషీన్‌లో నడుస్తున్న విండోస్ 10 హోంని, కీ దొరికింది కదా అని ఎడ్యుకేషన్‌గా మారిస్తే ఆ అవకాశం చేజారుతుంది. ఉన్నదాన్ని అలాగే ఉంచండి.

11కి సరిపోని మెషీన్ అయితే ఉబుంటు వేసుకోమనే నేను చెప్తాను. కీ గొడవ లేదు, తెలుగు చక్కగా కనిపిస్తుంది, కంప్యూటర్ సైన్సు పిల్లలకు లినక్స్ ఎటూ తప్పదు.

రోజుకి 2 జీబీ ప్యాక్ నాది. 5 జీబీ దాటిన ఫైలు ఎలా దించను?

కాలేజీ వైఫైలో దించుకోండి, అందుకే ఉంది. ల్యాబ్ అసిస్టెంటుని అడిగితే కాదనరు. చాలా ల్యాబ్‌లలో ఐఎస్‌ఓ ముందే దించి పెట్టుకుని ఉంటారు, అదే కాపీ చేసుకోవచ్చు.

ఎక్కడి నుంచి తెచ్చుకున్నా హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) సరిచూసుకోండి. సగం దిగి ఆగిపోయిన ఫైలూ, ఎవరో చెయ్యిపెట్టిన ఫైలూ రెండూ దీంతోనే దొరికిపోతాయి. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఐఎస్‌ఓ ఫైల్ని మౌస్‌తో లాక్కొచ్చి ఆ కిటికీలో వదిలితే దాని చిరునామా దానంతటదే పడుతుంది. ఎంటర్ నొక్కి ఒక నిమిషం ఆగితే 64 అక్షరాల వరుస వస్తుంది. మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలోనే ఒక్కో భాషకీ ఉండాల్సిన విలువ ఇచ్చారు. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు చూసి వదిలెయ్యకుండా మొత్తం పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలు తీసేసి మళ్లీ దించుకోవాల్సిందే.

పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓ కాపీ చేశాను. బూట్ అవ్వట్లేదు.

ఊరికే కాపీ చేస్తే అవ్వదు. కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో గానీ, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో గానీ తయారుచేయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే తీసుకోండి. మనమే ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఫైళ్లు పెడదామంటే, లోపల ఉండే ఇన్‌స్టాల్ ఫైలు 4 జీబీ దాటి ఉంటుంది. ఫ్యాట్32 అంత పెద్ద ఫైలు తీసుకోదు. ఈ ఇబ్బందిని ఆ టూల్స్ వాటంతటవే దాటిస్తాయి.

ఇన్‌స్టాల్ చేస్తుంటే హార్డ్‌డిస్కే కనిపించట్లేదు. డిస్కు పోయిందా?

పోలేదు. ఇంటెల్ 11వ తరం, ఆ పైన వచ్చిన ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే డిస్కుల అమరిక ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్కుల జాబితా ఖాళీగా వస్తుంది. మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ పేరు కొట్టి, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. డిస్కులు అడిగే తెరమీద లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఈ తెర చూసి భయపడి కొత్త ఎస్‌ఎస్‌డీ కొనేసినవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

తర్వాత విండోస్ 11 నెట్ కావాలంటుంది, వైఫై మాత్రం కనిపించదు. ఇదీ డ్రైవర్ సంగతే. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే గండం గట్టెక్కుతుంది.

ఫార్మాట్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

బిట్‌లాకర్ రికవరీ కీ. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకి చెప్పకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. 48 అంకెల ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. లాగిన్ అయి చూసి కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో ఏదైనా మార్చగానే ఆ కీ అడిగే నీలం తెర వస్తే, అది లేకుండా మీ ఫైళ్లు ఎవరూ తియ్యలేరు.

డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి కూడా సీ డ్రైవ్‌లోవే. వాటినీ కాపీ చెయ్యండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. మన తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లు మామూలే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో షాపుకిస్తే కొన్ని వందలకి వేసిస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో కీలు కూడా అంతకే దొరుకుతున్నాయి కదా?

పని చేసిపెట్టినందుకు షాపుకి డబ్బివ్వడం తప్పు కాదు. మీ కీ, మీ ఇన్‌స్టాలర్ మీరే తీసుకెళ్లి, కళ్లముందు వేయించుకోండి. అవి ఇవ్వకుండా "ఒరిజినల్ వేసిస్తాం" అంటే ఎక్కువ సందర్భాల్లో జరిగేది యాక్టివేటర్‌తో దొంగదారిన యాక్టివేట్ చెయ్యడమే. ఆ యాక్టివేటర్ ఎక్కాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఇంటి బ్యాంకు లావాదేవీలు, అమ్మానాన్నల ఆధార్ కాపీలు ఉన్న మెషీన్‌లో తాళం తీసి ఎవరినో లోపలికి రానిచ్చినట్టు అది. మా దగ్గరికి వచ్చిన పాస్‌వర్డ్ దొంగతనాల కేసుల్లో యాక్టివేటర్ ఉన్న మెషీన్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

చవక కీలు చాలావరకు ఏదో సంస్థ వాల్యూమ్ కీలు, లేదా ఎవరో విద్యార్థి కీలు. కొన్నాళ్లు పనిచేస్తాయి, ఓ రోజు బ్లాక్ అవుతాయి, డబ్బు తిరిగి రాదు. మీ కీని కూడా అమ్మకండి, స్నేహితుడికీ ఇవ్వకండి. అది మీ పేరు మీద నమోదై ఉంటుంది. కాలేజీ ఒప్పందానికే ఎసరు వస్తే తర్వాతి బ్యాచ్ పిల్లలందరూ నష్టపోతారు.

చదువు అయిపోయాక విండోస్ ఆగిపోతుందా?

కాలేజీ సర్వర్‌తో, అంటే కేఎంఎస్‌తో యాక్టివేట్ అయితే 180 రోజుల్లోపు ఒక్కసారైనా కాలేజీ నెట్‌వర్క్‌కి కలవాలి, లేకపోతే యాక్టివేషన్ పోతుంది. వేసవి సెలవులకు శ్రీకాకుళం వెళ్లొచ్చినా ఇబ్బంది లేదు. డిగ్రీ అయిపోయాకే సమస్య. మీ పేరు మీద తీసుకున్న కీ అయితే అలా కాలపరిమితితో ఆగదు. కానీ అది చదువుకోడానికి, నేర్చుకోడానికి ఇచ్చింది. దాంతో వ్యాపారం చెయ్యకూడదు. ఉద్యోగమో ఫ్రీలాన్స్ పనో మొదలుపెడితే మామూలు లైసెన్సు కొనుక్కోండి.

చివరి సెమిస్టర్‌లోనే కీని రాసి పెట్టుకోండి. కాలేజీ మెయిల్ మూసేశాక ఆ పేజీ తెరుచుకోదు.

మ్యాక్‌బుక్ ఉంది. దానికీ విద్యార్థి లైసెన్సు కావాలా?

మ్యాక్‌ఓఎస్‌కి కీ ఉండదు, యాపిల్ మెషీన్‌తోనే వస్తుంది. అప్‌డేట్లూ ఉచితమే.

అన్నీ చేశాను, అయినా ఎర్రర్ వస్తోంది. మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఎర్రర్ కోడ్ మొత్తం ఫొటో తీసుకుని రండి. "ఏదో కోడ్ వచ్చింది సార్" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కోడ్ చివర ఎఫ్050 అని ఉంటే కీ తప్పుగా కొట్టారు, లేదా ఎడిషన్ కలవలేదు. ఎఫ్074 అంటే కాలేజీ కేఎంఎస్ సర్వర్ అందట్లేదు, క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉండి మళ్లీ ప్రయత్నించాలి. సీ008 అంటే ఆ కీ వాడాల్సినన్ని సార్లు వాడేశారు. మదర్‌బోర్డు మార్పించిన మెషీన్లలోనూ ఇది వస్తుంటుంది. అప్పుడు అడ్మిన్ ద్వారానే వెళ్లాలి.

స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని కొడితే వచ్చే చిన్న కిటికీలో ఎడిషన్, వెర్షన్ ఉంటాయి, దాని ఫొటో కూడా ఉండాలి. ల్యాప్‌టాప్ అడుగున అతికించిన మోడల్ పేరు, ఛార్జర్, ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. కాలేజీ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకుని రండి. కీ ఫొటోని మాత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇదేంటో చూడండిరా" అని అడగొద్దు. అడ్మిన్‌కి మాత్రమే చూపించండి.